ఆకాశం నుంచి పడిన లోహపు ముక్క ఏ దేశానిదో ఎలా తేలుస్తారు?

2022 ఏప్రిల్ 2. ఉగాది రోజు. రాత్రి ఎనిమిది గంటలకు కాస్త ముందు మహారాష్ట్ర ఆకాశంలో మండుతున్న గీతలు వరుసగా సాగిపోతుంటే జనం ఫోన్లలో వీడియోలు తీశారు. చాలామంది ఉల్కలనుకున్నారు. అదే రాత్రి తెలంగాణ సరిహద్దున ఉన్న చంద్రపూర్ జిల్లా లాడ్‌బోరీ గ్రామంలో మనిషి ఎత్తును మించిన లోహపు చక్రం ఒకటి పడింది. చుట్టుపక్కల ఊళ్లలో గుండ్రటి లోహపు గోళాలు కూడా దొరికాయి.

అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అందరిదీ ఒకటే ప్రశ్న. ఇది ఎవరిది?

అమెరికాలో ఉండే ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డొవెల్ ఆ చక్రాన్ని చూడలేదు, ముట్టుకోలేదు. అయినా గంటల్లోనే సమాధానం చెప్పారు. అది 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన చాంగ్ జెంగ్ 3బి రాకెట్ మూడో దశ అయి ఉండాలన్నారు. ఆ రాకెట్ దశ సరిగ్గా ఆ సమయానికే భూ వాతావరణంలోకి రావాల్సి ఉంది. దాని దారి కూడా మహారాష్ట్ర మీదుగానే వెళ్తోంది.

ఆయన చూసింది వస్తువును కాదు, దాని కక్ష్యను. అంతరిక్షంలో తిరిగే ప్రతి వ్యర్థానికీ కక్ష్యే చిరునామా. దాన్ని పట్టుకుని లెక్కను వెనక్కి నడిపితే అది ఎక్కడ పుట్టిందో చాలా వరకు తెలుసుకోవచ్చు. అయితే ఈ లెక్క ఒక్కోసారి తప్పుతుంది కూడా. ఎలా పని చేస్తుందో, ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

ఎవరిదో తెలిస్తే ఏం లాభం?

మొదటి లాభం నష్టపరిహారం. 1972 నాటి అంతర్జాతీయ బాధ్యతా ఒప్పందం ప్రకారం ఒక దేశం ప్రయోగించిన వస్తువు మరో దేశం నేల మీద పడి నష్టం చేస్తే, తప్పు ఉందా లేదా అన్న వాదనతో పని లేకుండా ప్రయోగించిన దేశం పరిహారం ఇవ్వాలి. భారత్ కూడా ఈ ఒప్పందంలో ఉంది.

1978 జనవరి 24న సోవియట్ యూనియన్‌కు చెందిన కాస్మోస్ 954 ఉపగ్రహం కెనడా ఉత్తర ప్రాంతంలో కూలింది. అందులో అణు రియాక్టర్ ఉండటంతో రేడియోధార్మిక ముక్కలు మంచు మీద చెల్లాచెదురయ్యాయి. వాటిని ఏరడానికి అయిన ఖర్చులో సుమారు 60 లక్షల కెనడా డాలర్లు ఇవ్వాలని ఆ దేశం అడిగింది. చివరికి 1981లో 30 లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరింది.

ఇక్కడ ఒక గడువు ఉంది. నష్టం జరిగిన ఏడాదిలోపు, లేదా బాధ్యత ఏ దేశానిదో తెలిసిన ఏడాదిలోపు పరిహారం కోరాలి. అడిగేది కూడా బాధితుడు కాదు, అతని తరఫున ప్రభుత్వం. దేశం పేరు తేలకపోతే ఈ కాగితం ముందుకు కదలదు. అంటే కక్ష్య లెక్క చట్టానికి సాక్ష్యం లాంటిది.

రెండో లాభం ప్రమాదాలను ముందే తప్పించుకోవడం. 2025 నాటి యూరప్ అంతరిక్ష సంస్థ అంచనా ప్రకారం భూమి చుట్టూ ఒక సెంటీమీటరు కంటే పెద్ద ముక్కలు 12 లక్షలకు పైగా ఉన్నాయి. దిగువ కక్ష్యల్లో ఇవి సెకనుకు 7 కిలోమీటర్లకు మించిన వేగంతో తిరుగుతాయి. మన టీవీ, వాతావరణ సూచనలు, ఫోన్‌లో దారి చూపే మ్యాప్ వెనుక ఉన్న ఉపగ్రహాలు తిరిగేదీ భూమి చుట్టూ ఉన్న ఈ ఆకాశంలోనే. ఏ ముక్క ఏ పేలుడు నుంచి వచ్చిందో తెలిస్తే, అలాంటి పేలుళ్లు మళ్లీ జరగకుండా ఏం చేయాలో తెలుస్తుంది.

ఆరు సంఖ్యల చిరునామా

వరంగల్ దాటి వెళ్తున్న ఒక రైలును చూశారనుకోండి. అది ఏ లైను మీద ఉంది, ఎంత వేగంతో పోతోంది, టైమ్ ఎంత అన్నది తెలిస్తే ఏ స్టేషన్ నుంచి ఎప్పుడు బయల్దేరిందో లెక్కగట్టొచ్చు. కక్ష్య లెక్క కూడా ఇలాంటిదే. పైగా రైలుకు డ్రైవర్ ఉంటాడు, మధ్యలో ఆపగలడు. వ్యర్థానికి డ్రైవర్ లేడు. దాన్ని నడిపేది గురుత్వాకర్షణ లాంటి బలాలే కాబట్టి, వాటికి లెక్క ఉంది.

ఒక కక్ష్యను చెప్పడానికి ఆరు సంఖ్యలు చాలు. కక్ష్య ఎంత పెద్దది, ఎంత సాగిన గుడ్డు ఆకారంలో ఉంది, భూమధ్యరేఖకు ఎంత వాలుగా ఉంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది, భూమికి అతి దగ్గరగా వచ్చే చోటు ఏది, ఇప్పుడు వస్తువు అందులో ఎక్కడ ఉంది. ఇంతే.

ఈ పద్ధతికి 200 ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. 1801 జనవరి 1న ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త పియాజ్జి సీరిస్ అనే చిన్న గ్రహాన్ని కనుగొన్నారు. కొన్ని వారాలకే అది సూర్యకాంతిలో కనుమరుగైంది. అప్పటికి దాని దారిలో చిన్న ముక్క మాత్రమే చూడగలిగారు. 24 ఏళ్ల జర్మన్ గణిత శాస్త్రవేత్త గౌస్ ఆ కొద్ది సమాచారంతోనే కక్ష్య మొత్తాన్ని గణించారు. ఆ ఏడాది చివరి రోజున ఆయన చెప్పిన చోటుకు దగ్గర్లోనే సీరిస్ మళ్లీ దొరికింది. ఇప్పుడు రాడార్లు, టెలిస్కోపుల సమాచారంతో కంప్యూటర్లు చేస్తున్న పనికి మూలం అదే.

గురుత్వాకర్షణ సమీకరణాలు కాలంలో ముందుకు ఎలా నడుస్తాయో వెనక్కీ అలాగే నడుస్తాయి. రేపు ఎక్కడ ఉంటుందో చెప్పే లెక్కే, నిన్న ఎక్కడ ఉందో కూడా చెబుతుంది. జాడ తీయడమంటే ఆ సినిమాను వెనక్కి తిప్పి చూడటమే.

మరి చిక్కు ఎక్కడ?

భూమి గురుత్వాకర్షణ ఒక్కటే ఉంటే పని తేలికయ్యేది. కానీ నిజంలో ఇంకొన్ని చేతులు ఆ వస్తువును అటూ ఇటూ లాగుతుంటాయి.

ఒకటి, భూమి పూర్తి గుండ్రంగా లేదు. నడుము దగ్గర కాస్త ఉబ్బుగా ఉంటుంది. దానివల్ల కక్ష్య మెల్లగా దిక్కు మారుతుంది. ఇది మాత్రం క్రమం తప్పని మార్పు కాబట్టి లెక్కకు ఉపయోగపడుతుంది.

రెండు, గాలి. 400 కిలోమీటర్ల ఎత్తులోనూ పలుచటి గాలి ఉంటుంది. సూర్యుడు ఉగ్రంగా ఉన్న రోజుల్లో అది ఉబ్బి ఉపగ్రహాలను ఎక్కువగా అడ్డుకుంటుంది. నెలల వెనక్కి వెళ్తే ముక్క కక్ష్యలో సరిగ్గా ఏ చోట ఉందన్న లెక్క చెదిరిపోతుంది. కక్ష్య ఎంత వాలుగా ఉంది, ఏ దిక్కున ఉందన్న సంగతి మాత్రం చాలా వరకు నిలబడుతుంది.

మూడు, సూర్యకాంతి. వెలుగు కూడా వస్తువులను కొద్దిగా నెడుతుంది. రాయి లాంటి బరువైన దాన్ని కదిలించలేదు కానీ, ఖాళీ ట్యాంకు లాంటి తేలికైన దాన్ని నెలల తరబడి నెట్టి దారి మారుస్తుంది. ఇది చిక్కే అయినా ఒక ఆనవాలు కూడా. వెలుగుకు బాగా కదిలిందంటే అది లోపల డొల్లగా ఉన్న వస్తువని అర్థం.

నాలుగు, చంద్రుడు. ఒక వస్తువు చంద్రుడికి దగ్గరగా వెళ్తే దాని దారి ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. క్యారమ్ బోర్డులో స్ట్రైకర్ వెంట్రుకవాసి పక్కకు తగిలినా కాయిన్ ఇంకో మూలకు పోతుంది కదా, ఇదీ అంతే. చంద్రుడి దగ్గర చిన్న తేడా ఉంటే, దానికి ముందు ఎక్కడుందన్న లెక్క చాలా దూరం తప్పుతుంది.

54 ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన రాకెట్

ఈ ఆనవాళ్లు ఎలా పనికొస్తాయో 2020లో తెలిసింది. ఆ ఏడాది సెప్టెంబరులో హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోపు ఒక కొత్త వస్తువును గుర్తించింది. గ్రహశకలం అనుకుని 2020 ఎస్ఓ అని పేరు పెట్టారు. కానీ నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌కు చెందిన పాల్ చోడస్‌కు అనుమానం వచ్చింది. అది సూర్యుడి చుట్టూ దాదాపు భూమి తిరిగే దారిలోనే తిరుగుతోంది. వేగమూ భూమికి దగ్గరగానే ఉంది. మామూలు గ్రహశకలాలు ఇలా ఉండటం అరుదు. పైగా సూర్యకాంతికి అది తేలికగా కదులుతోంది.

లెక్కను వెనక్కి తిప్పితే 1966లో అది భూమికి చాలా దగ్గరగా ఉన్నట్టు తేలింది. ఆ ఏడాది సెప్టెంబరు 20న నాసా సర్వేయర్ 2 అనే నౌకను చంద్రుడి మీదకు పంపింది. నౌక దారి తప్పి చంద్రుడి మీద కూలిపోయింది. దాన్ని మోసుకెళ్లిన సెంటార్ రాకెట్ దశ మాత్రం చంద్రుడిని దాటి సూర్యుడి చుట్టూ కక్ష్యలోకి జారుకుంది.

అయినా కక్ష్య ఒక్కటే చాలదని రెండో సాక్ష్యం వెతికారు. భారత్‌లో జర్నలిస్టుగా పనిచేసి ఖగోళ శాస్త్రంలోకి వెళ్లిన అరిజోనా యూనివర్సిటీ శాస్త్రవేత్త విష్ణు రెడ్డి బృందం ఆ వస్తువు నుంచి వచ్చే వెలుగును విడగొట్టి చూసింది. ఒక్కో పదార్థం వెలుగును ఒక్కో తీరుగా తిప్పి పంపుతుంది. సెంటార్ తయారీలో వాడిన స్టెయిన్‌లెస్ స్టీలుతో పోల్చారు. 1971 నుంచి భూమి చుట్టూ తిరుగుతున్న మరో సెంటార్‌తోనూ పోల్చారు. రెండో పోలిక సరిపోయింది. 54 ఏళ్ల కిందటి రాకెట్టే అని 2020 డిసెంబరులో నాసా ప్రకటించింది.

లెక్క తప్పిన సందర్భం

రెండో సాక్ష్యం ఎందుకు అవసరమో 2022 నాటి ఉదంతం చెబుతుంది.

ఆ ఏడాది జనవరిలో బిల్ గ్రే అనే అమెరికన్ ఒక విషయం బయటపెట్టారు. కక్ష్యలను గణించే సాఫ్ట్‌వేర్ రాయడం ఆయన పని. ఒక పాత రాకెట్ దశ మార్చి 4న చంద్రుడి అవతలి వైపు ఢీకొడుతుందని, అది స్పేస్‌ఎక్స్ సంస్థ ఫాల్కన్ 9 రాకెట్ రెండో దశ అని చెప్పారు. ప్రపంచమంతా వార్త అయింది. విమర్శలన్నీ స్పేస్‌ఎక్స్ మీదకు వెళ్లాయి.

ఆ వస్తువు 2015 మార్చిలో అరిజోనాలోని ఒక టెలిస్కోపు కంట పడింది. దానికి డబ్ల్యూఈ0913ఏ అని తాత్కాలికంగా పేరు పెట్టారు. అదే ఏడాది ఫిబ్రవరి 11న ఫాల్కన్ 9 రాకెట్ డిస్కవర్ అనే ఉపగ్రహాన్ని దూర అంతరిక్షంలోకి పంపింది. లెక్కను వెనక్కి తిప్పితే ఈ వస్తువు ఆ ప్రయోగం జరిగిన రెండు రోజులకు చంద్రుడి పక్కగా వెళ్లినట్టు వచ్చింది. వెలుగు, సమయం, కక్ష్య అన్నీ పొసిగినట్టే కనిపించాయి. దాంతో అదే ఇదని అనుకున్నారు. ఏడేళ్లు ఎవరూ సందేహించలేదు.

2022 ఫిబ్రవరిలో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌కు చెందిన జాన్ జార్జినీ ఒక సందేహం లేవనెత్తారు. డిస్కవర్ ఉపగ్రహం చంద్రుడికి అంత దగ్గరగా వెళ్లలేదు. మరి దాన్ని మోసిన రాకెట్ చంద్రుడి పక్కగా ఎలా వెళ్తుంది? గ్రే మళ్లీ లెక్క చూసుకున్నారు. ఈసారి 2015కు ముందు చంద్రుడి వైపు వెళ్లిన ప్రయోగాలను వెతికారు. 2014 అక్టోబరులో చైనా పంపిన చాంగ్-5 టీ1 ప్రయోగం సరిపోయింది. ఆ రాకెట్ దశకు అమర్చిన చిన్న రేడియో పరికరాన్ని అప్పట్లో హామ్ రేడియో ఔత్సాహికులు అనుసరించారు. ఆ కక్ష్య వివరాలను మెక్‌డొవెల్ అందించారు. అవి ఈ వస్తువు పాత దారితో కలిశాయి.

గ్రే తన పొరపాటును బహిరంగంగా ఒప్పుకుని సవరణ ప్రకటించారు. చైనా విదేశాంగ శాఖ మాత్రం ఆ రాకెట్ దశ భూ వాతావరణంలోనే కాలిపోయిందని చెప్పింది. చాంగ్-5 టీ1 రాకెట్ దశ అసలు భూమి మీదకు తిరిగి రాలేదని అమెరికా స్పేస్ కమాండ్ తెలిపింది. అయితే చంద్రుడిని ఢీకొట్టబోయేది ఏ దేశానిదో తాము నిర్ధారించలేమంది.

మార్చి 4న చెప్పిన రోజే అది చంద్రుడి అవతల హెర్ట్జ్‌స్ప్రంగ్ బిలం ప్రాంతంలో ఢీకొట్టింది. తర్వాత నాసా ఆర్బిటర్ ఫోటోల్లో 18 మీటర్లు, 16 మీటర్ల వెడల్పున్న రెండు గుంతలు ఒకదానికొకటి ఆనుకుని కనిపించాయి. 2023లో అరిజోనా బృందం కక్ష్యతో పాటు వెలుగు పరీక్షను కూడా జోడించి, అది చైనా రాకెట్ దశేనని తేల్చింది.

గమనించాల్సిందేమిటంటే, ఎక్కడ, ఎప్పుడు ఢీకొడుతుందన్న లెక్క తప్పలేదు. తప్పింది పేరు. కక్ష్య దాదాపు కచ్చితంగా తెలిసినా, ఆ కక్ష్యలో ఉన్నది ఎవరన్నది వేరే ప్రశ్న. ఇంకో మాట. చంద్రుడి దూరంలో తిరిగే వ్యర్థాలను క్రమం తప్పకుండా గమనించే వ్యవస్థ అప్పటికి లేదు. గ్రహశకలాలను వెతికేవాళ్ల కంట పడితే పడినట్టు.

ఒక్క పేలుడు, వందల ముక్కలు

దిగువ కక్ష్యల్లో సమస్య వేరు. అక్కడ ఒక వస్తువు పేలితే వందల ముక్కలు ఒకేసారి పుడతాయి. ఏ ముక్క ఎక్కడిదో ఎలా చెప్పాలి?

దీనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ3 బయల్దేరి ఉపగ్రహాలను విజయవంతంగా కక్ష్యలో పెట్టింది. పని ముగిసిన నాలుగో దశ మాత్రం అక్కడే తిరుగుతూ అదే ఏడాది డిసెంబరు 19న పేలిపోయింది. 300కు పైగా ముక్కలను తర్వాత లెక్కించారు.

పేలినప్పుడు ముక్కలు తలా ఒక దిక్కుకు వెళ్తాయి. ఒక్కోదానిదీ ఒక్కో కక్ష్య. కానీ ఆ క్షణంలో అవన్నీ ఒకే చోట ఉన్నాయి. అందుకే ప్రతి ముక్కనూ కాలంలో వెనక్కి నడిపితే, ఒక సమయంలో అన్నీ ఒకే బిందువు దగ్గరకు చేరతాయి. అదే పేలుడు జరిగిన చోటు, సమయం. ఆ సమయంలో అక్కడ ఏ వస్తువు ఉందో రికార్డుల్లో చూస్తే పేరు దొరుకుతుంది.

ఇంకో పద్ధతిలో ప్రతి ముక్క భూమిని ఎంత సేపటికి చుట్టి వస్తోంది, ఎంత ఎత్తుకు పోతోంది, ఎంత కిందికి వస్తోంది అన్నది గ్రాఫ్‌లో గీస్తారు. చుక్కలు ఇంటూ గుర్తు ఆకారంలో పరుచుకుంటాయి. మధ్యలో గీతలు కలిసే చోటు తల్లి వస్తువు కక్ష్యను చెబుతుంది. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా పైన అమెరికా ఇరిడియం 33, రష్యా కాస్మోస్ 2251 ఉపగ్రహాలు ఢీకొన్నప్పుడు రెండు శకలాల గుంపులు ఏర్పడ్డాయి. రెండు కక్ష్యల వాలు వేర్వేరు కావడంతో ఏ ముక్క దేనిదో విడదీయగలిగారు.

రాకెట్ దశలు ఇలా పేలడానికి ప్రధాన కారణం ట్యాంకుల్లో మిగిలిపోయే ఇంధనం, వాయువుల ఒత్తిడి. పీఎస్‌ఎల్‌వీ-సీ3 అనుభవం తర్వాత ఇస్రో పై దశల్లో మిగిలిన ఇంధనాన్ని బయటకు వదిలేసే ఏర్పాటు చేసింది. జాడ తీయడం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇదే. ఎవరిదో తెలిశాక, ఎందుకు పేలిందన్న ప్రశ్నకు దారి దొరుకుతుంది.

కక్ష్య తెలియకుండా ఒడ్డున దొరికితే?

2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూరియన్ బే సమీపంలో సముద్రపు ఒడ్డుకు పెద్ద లోహపు సిలిండర్ కొట్టుకొచ్చింది. ఎప్పుడు పడిందో, ఏ దారిన వచ్చిందో తెలియదు. ఇలాంటప్పుడు వెనక్కి నడపడానికి కక్ష్యే ఉండదు. వస్తువు ఆకారం, తయారీ తీరు మీద ఆధారపడాలి. అలాగే పోల్చి, అది చాలా వరకు పీఎస్‌ఎల్‌వీ మూడో దశ శకలమేనని ఆస్ట్రేలియా స్పేస్ ఏజెన్సీ ఇస్రోతో కలిసి తేల్చింది.

2024 మార్చిలో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక ఇంటి పైకప్పును చీల్చుకుని ఓ లోహపు ముక్క పడింది. 2021లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వదిలేసిన పాత బ్యాటరీల సామగ్రి సరిగ్గా ఆ సమయంలోనే ఆ ప్రాంతం మీదుగా వాతావరణంలోకి వచ్చింది. ముక్కను ల్యాబ్‌లో పరీక్షించాక అది తమదేనని నాసా ఒప్పుకుంది. ఇక్కడ కక్ష్య, లోహ పరీక్ష రెండూ కలిశాయి.

ఈ కేసులో మరో పాఠం ఉంది. 1972 ఒప్పందం ఒక దేశం వస్తువు మరో దేశానికి చేసిన నష్టానికే వర్తిస్తుంది. సొంత దేశం వస్తువు సొంత పౌరుడి ఇంటి మీద పడితే ఆ దేశ చట్టాల ప్రకారమే తేల్చుకోవాలి.

మన దేశంలో ఎవరు చూస్తారు?

బెంగళూరులో ఇస్రో 2022లో ప్రారంభించిన ఐఎస్4ఓఎం అనే కేంద్రం మన ఉపగ్రహాలకు దగ్గరగా వచ్చే వస్తువులను గమనిస్తుంది. శ్రీహరికోటలో ఒకేసారి అనేక వస్తువులను అనుసరించగల రాడార్ ఉంది. నేత్ర ప్రాజెక్టు కింద మరిన్ని రాడార్లు, టెలిస్కోపులు సమకూర్చుకుంటున్నారు. 2030 నాటికి భారత ప్రయోగాలేవీ వ్యర్థాలను మిగల్చకూడదని ఇస్రో లక్ష్యంగా పెట్టుకుంది.

సొంత రాడార్లు ఎందుకంటే, ఇతర దేశాల జాబితాల మీదే ఆధారపడితే వాటిలోని పొరపాట్లు కూడా మనవే అవుతాయి. డబ్ల్యూఈ0913ఏ కేసు చెప్పింది ఇదే.

మీ ఊళ్లో పడితే ఏం చేయాలి?

మనిషి మీద అంతరిక్ష వ్యర్థం పడే అవకాశం చాలా తక్కువ. అయినా చంద్రపూర్‌లో పడింది కాబట్టి ఇవి గుర్తుంచుకోండి.

• ముట్టుకోవద్దు. రాకెట్లు, ఉపగ్రహాల ట్యాంకుల్లో హైడ్రజీన్ లాంటి విషపూరిత ఇంధనం మిగిలి ఉండొచ్చు. పిల్లలను, పశువులను దూరంగా ఉంచండి.

• 112కు ఫోన్ చేయండి, లేదా పోలీసులకు, తహసీల్దార్ కార్యాలయానికి చెప్పండి.

• దూరం నుంచే ఫోటోలు తీయండి. ఆకాశంలో వెలుగు చూసి ఉంటే సమయం, అది ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వెళ్లిందో రాసి పెట్టుకోండి. కక్ష్యతో సరిపోల్చడానికి ఈ రెండు వివరాలే కీలకం. వీడియో తీసి ఉంటే అసలు ఫైలును తీసేయకండి.

• పాత ఇనుము కింద అమ్మేయొద్దు. భూమి మీద పడినా ఆ వస్తువు యాజమాన్యం ప్రయోగించినవారిదే. వాళ్లు కోరితే తిరిగి ఇవ్వాలని అంతర్జాతీయ ఒప్పందాలు చెబుతున్నాయి.

• ఇల్లు, పంట, పశువులకు నష్టం జరిగితే వెంటనే రెవెన్యూ అధికారులతో పంచనామా రాయించుకోండి. వేరే దేశం నుంచి పరిహారం కోరాల్సి వస్తే కేంద్ర ప్రభుత్వమే అడగాలి. అప్పుడు ఆ కాగితం, మీరు రాసి పెట్టుకున్న సమయం రెండూ అక్కరకొస్తాయి.